మా కుళాయి నీళ్ళ పుట్టిల్లు వెతుక్కుంటూ

అక్టోబరులో మా అమ్మాయి జర్మనీ నుంచి కొన్ని ఫొటోలు పంపింది. కింద మోసెల్ నది. పక్కనే నిచ్చెనేసి ఎక్కాల్సినంత ఏటవాలు కొండ. కొండంతా ద్రాక్షతోటలు, వాటి మధ్యలోంచి సన్నటి కాలిబాట. మోసెల్‌స్టైగ్ అంటారట దాన్ని. 365 కిలోమీటర్లు, 24 మజిలీలు, 2014లో తెరిచారట. దారి తప్పకుండా పొడుగునా గుర్తులు పెట్టారట.

"పొద్దున ఒక ఊళ్ళో బయల్దేరితే సాయంత్రానికి ఇంకో ఊరు నాన్నా. ఏ ఊరి కొండకి ఆ ఊరి వైను" అంది. తండ్రి దగ్గర వైను మాట ఇంత తేలిగ్గా అనేస్తోందే అని ఒక్క క్షణం అనిపించింది గానీ, పైకి మాత్రం "మనకు లేవేటి నదులూ కొండలూ?" అన్నాను.

"ఉన్నాయి. నువ్వెప్పుడైనా నడిచావా?"

నడవలేదు. విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళ కాపురం. మా పేటకొచ్చేవి తాటిపూడి నీళ్ళు, అంటే గోస్తని నీళ్ళు. ఆ గోస్తనిని భీమిలి వంతెన మీద స్కూటరు ఆపకుండా చూడడమే తప్ప, దాని గట్టున పది అడుగులు వేసిన పాపాన పోలేదు. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసేదాకా దాని పొడుగు సుమారు 120 కిలోమీటర్లు. ద్రాక్షతోటలు లేకపోతేనేం, పైన కాఫీ తోటలున్నాయి, కల్లిచ్చే జీలుగు చెట్లున్నాయి. కింద ఈత వనాలూ తాటి తోపులూ ఉన్నాయి. మత్తుకి మాత్రం మనకేం తక్కువ?

డిసెంబరు మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి మా బావమరిదిని వెంటేసుకున్నాను. అతనిది భీమిలి. "నదెంట నడవడమేటి బావా, బస్సులుండగా?" అని ముందు నవ్వాడు. దారిలో బొంగు చికెన్ దొరుకుతుందన్నాక నవ్వు ఆపి సంచీ సర్దుకున్నాడు.

నది వెంబడి ఆసాంతం నడిచామని కోతలు కొయ్యను. కొంత రైలు, కొంత బస్సు, కొంత ఆటో. ఇక్కడి బాటలకు గుర్తులూ లేవు, మజిలీలూ లేవు. పశువులు పోయేదే బాట, కట్టెల మోపులు దిగేదే బాట.

మొదటి రోజు

కిరండూల్ పాసింజరు పొద్దున ఏడు కాకముందే విశాఖలో కదులుతుంది. శృంగవరపుకోట దాకా మామూలు రైలే. బొడ్డవర దాటి కొండెక్కడం మొదలెట్టాక మాత్రం పెట్టెలో ఎవరూ సీట్లో కూర్చోరు, అందరూ తలుపుల దగ్గరే. బైలడిలా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. మొత్తం 58 సొరంగాలు. సొరంగం రాగానే పిల్లలు కేకలు, పిల్లల కంటే కాలేజీ కుర్రాళ్ళు ఇంకా పెద్ద కేకలు. సొరంగాలు లెక్కపెడతానని కూర్చున్న మా బావమరిది, శనక్కాయలవాడు రావడంతో లెక్క తప్పాడు. "వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెడదామేటి బావా?" అన్నాడు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. బొర్రా అంటే ఒడియాలో రంధ్రమట. మేత మేస్తున్న ఆవొకటి గుహ పైకప్పు కన్నంలోంచి లోపలికి పడిపోయిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి అక్కడ శివలింగం కనిపించిందనీ, ఆ ఆవు పొదుగు నుంచి పుట్టింది కాబట్టి నదికి గోస్తని అని పేరొచ్చిందనీ ఇక్కడ చెబుతారు. ఒక పెద్ద ఊరికి తాగునీళ్ళిచ్చే నదికి పొదుగు పేరు పెట్టినవాళ్ళకు దండం పెట్టాలి.

గుహ లోపల రంగురంగుల దీపాలు పెట్టారు. నాకైతే నచ్చలేదు. పెళ్ళి పందిట్లోకి వచ్చినట్టుంది. కానీ దీపాలు లేని మూల ఒకటి చూసుకుని కాసేపు నిలబడితే గుహ తన పని తాను చేసుకుంటూ కనిపిస్తుంది. వాన నీరు అడవి మట్టిలోని ఆమ్లాన్ని కలుపుకుని, సున్నపురాయిని కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. పైకప్పు మొనకు చేరిన చుక్క కొంత సున్నాన్ని అక్కడే వదిలి, మిగతాది కింద నేల మీద వదులుతుంది. అలా పైది కిందికీ కిందది పైకీ పెరుగుతూ ఉంటాయి. ఒక వేలెడు మొన దగ్గర నిలబడి చుక్క ఎప్పుడు పడుతుందా అని చూశాను. ఉబ్బింది, వణికింది, పడలేదు. వెనక నుంచి జనం తోస్తున్నారు. సరేలెమ్మని నేను కదలగానే టప్పుమని నా మెడ మీదే పడింది. చల్లగా వెన్ను దాకా జారింది. గోస్తనితో నా మొదటి పరిచయం అదీ.

బొర్రా పంచాయతీ పేరు లా చదివిన వాళ్ళకు ఇంకో విధంగా తెలుసు. ఈ కొండల్లో గనులను గిరిజనేతరులకు లీజుకివ్వడం మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో అలాంటి లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. గుహలు చూడ్డానికొచ్చే బస్సుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఈ కొండల్లో నడవబోయే వాడు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి అదేనని నా అభిప్రాయం.

మధ్యాహ్నం నుంచి కటికి జలపాతం దారి పట్టాం. జీపులు పోతున్నాయి గానీ నడుస్తామని బయల్దేరాం కదా, నడిచాం. రాళ్ళ దారి. జీపు దాటినప్పుడల్లా ఎర్ర దుమ్ము, అది అణిగాక గట్టు వారన పసుప్పచ్చని వలిసె పూలు. వలిసెలు నూనెగింజల పంట. పూసినప్పుడు మడి మడంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. అప్పటికి చాలా మళ్ళు గింజ కట్టేసినా నీడపట్టున ఒకటి రెండు ఇంకా పూస్తున్నాయి.

ఈ యాత్ర కోసం ఆన్‌లైన్లో కొన్న కొత్త బూట్లు అక్కడే నా మీద కక్ష సాధించడం మొదలెట్టాయి. జలపాతం చేరేసరికి రెండు మడమలూ బొబ్బలు. బూట్లు విప్పి గోస్తనిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. పైనుంచి తెల్లగా పడే నీళ్ళు, కింద రాళ్ళ మధ్య ఆకుపచ్చ మడుగు. తిరిగొచ్చేటప్పుడు రబ్బరు చెప్పులే. ఆ నాలుగు రోజులూ చెప్పులే.

బొంగు చికెన్ కొట్టు దగ్గర బావమరిది ముఖం వెలిగింది. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పుల మీద దొర్లిస్తారు. చుక్క నూనె వెయ్యరు. బొంగులోని తేమకే ఉడుకుతుంది. ఆకులో దులిపి పెట్టగానే వచ్చిన ఆ వెదురు వాసన కోసమైనా ఇంకోసారి బొబ్బలెక్కించుకోవచ్చు.

రాత్రి అనంతగిరిలో బస. వేణ్ణీళ్ళు ఇస్తామని ఫోన్లో చెప్పిన లాడ్జివాళ్ళు, "పొద్దున ఎండొచ్చాక వస్తాయి సార్" అన్నారు. అంత చలిలో ఎండ కోసం కాచుకోవడం తప్ప చేసేదేముంది?

రెండో రోజు

తెల్లవారి తలుపు తీస్తే ఎదుటి కొండ లేదు. మంచు. ఎనిమిదింటికి కొండ వచ్చింది, దాంతోపాటు వేణ్ణీళ్ళూ వచ్చాయి.

కాఫీ తోటలోకి ఎలా వెళ్ళాలని టీ కొట్టులో అడిగితే, "ఎలా వెళ్ళడమేటి, రోడ్డు దిగితే తోటే" అన్నారు. నిజమే. రోడ్డు దిగి పదడుగులు వేస్తే వెలుతురే మారిపోయింది. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, వాటి నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. మా అమ్మాయి పంపిన ఫొటోల్లో ద్రాక్ష తీగలన్నీ ఎండకి ఎదురుగా వరసలు కట్టి నిలబడి ఉంటాయి. అక్కడి నల్లటి పలకరాయి పగలు వేడిని దాచుకుని రాత్రి తీగకు పంచుతుందట, చలి దేశం కదా. ఇక్కడ అంతా తలకిందులు. కాఫీకి ఎండ తగిలితే గిట్టదు. గొడుగు పట్టి పెంచాలి.

తోటలో ఆడవాళ్ళు పళ్ళు కోస్తున్నారు. నడుముకి బుట్ట, కాళ్ళకి ఏమీ లేవు. ఒక పెద్దావిడ నా చెప్పుల్నీ, బొబ్బలకి అంటించిన ప్లాస్టర్లనీ చూసి పక్కామెతో ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. భాష తెలియకపోయినా అర్థమైంది.

"బాబూ, ఇలా కొయ్యాల" అని తెలుగులో చెప్పింది తర్వాత. ఒకే కొమ్మకి పచ్చవీ, పసుపువీ, ఎర్రవీ కలిసే ఉంటాయి. ఎర్రవే కొయ్యాలి. మిగతావి పండాక మళ్ళీ రావాలి. ఒక్కో మొక్క దగ్గరికీ నాలుగైదు సార్లు రావాల్సిందే. నేనూ ఒక పది కోశాను. అందులో మూడు పసుపువి. ఆవిడ ఏమీ అనకుండా ఏరి పక్కన పెట్టింది.

ఒక పండు నోట్లో వేసుకున్నాను. పల్చటి తొక్క చిట్లి తియ్యటి జిగురు. కాఫీ రుచి ఎక్కడా లేదు, వాసనా లేదు. నాలుక మీద రెండు గింజలు మిగిలాయి, బల్లపరుపు వైపులు ఎదురెదురుగా పెట్టి అతికించినట్టు, జారిపోతూ. కోసిన రోజే తొక్క తీసి, జిగురు పోయేలా పులియబెట్టి, కడిగి, ఎండబెడతారు. ఇంటి ముందు పట్టాల మీద ఆరబోసిన గింజలు చాలా చోట్ల కనిపించాయి. లేత గోధుమ రంగు పొరతో ఉన్న ఆ గింజని పార్చ్‌మెంట్ అంటారు. ఆ మాటని అక్కడ అక్షరం రానివాళ్ళు కూడా మన ఇళ్ళల్లో కరివేపాకు అన్నంత మామూలుగా అంటారు. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం పెట్టారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి చెబితే పెద్దావిడ "ఊఁ" అని ఇంకో కొమ్మ వంచింది.

మధ్యాహ్నం చోడి (రాగి) అంబలి తాగి పక్క ఊరి బాట పట్టాం. అడిగిన ప్రతివాళ్ళూ "ఇక్కడే" అన్న ఊరు గంటన్నర నడిచినా రాలేదు. వాగు దాటాక బాట రెండుగా చీలింది. ఎడమ వైపు పోయి, ఎవరిదో గొర్రెల దొడ్లో తేలి, వెనక్కొచ్చాం. అక్కడ కనిపించింది జీలుగు చెట్టు.

దాని ఆకుని చూస్తే మర్చిపోలేం. చివర్లు కొరికేసినట్టు, అచ్చం చేప తోకలా ఉంటుంది. గెలలు గుర్రపు తోకల్లా వేలాడుతుంటాయి. చెట్టుకి ఒక వెదురు గడ ఆనించి ఉంది. కణుపు కణుపుకీ కొమ్మని జానెడు వదిలి నరికారు, అదే నిచ్చెన. దాని మీద నుంచి ఒక పెద్దాయన భుజాన కుండతో దిగుతున్నాడు. మా బావమరిది అప్పటికే చెట్టు మొదట్లో కూర్చునే ఉన్నాడు.

ఆకుని దొన్నెలా మడిచి పోశాడాయన. పల్చటి పాల రంగు, పైన నురగ, నురగలో ఒక చీమ. చీమని తీసి తాగాను. మొదటి గుక్క కొబ్బరినీళ్ళ తీపి, మింగాక గొంతులో చిన్న పులుపు, ముక్కులోకి తేలిగ్గా సర్రుమనడం. దీనికి ఎవరూ ఏమీ కలపరు. గాల్లోనూ పాత కుండలోనూ ఉండే ఈస్టే తీపిని మత్తుగా మార్చుకుంటుంది. పొద్దున దించింది తీపి, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి పులుపు. మా అమ్మాయి చెప్పే వైను నెలలూ సంవత్సరాలూ సీసాలో ఉంటే ధర పెరుగుతుంది. దీని వయసు ఒక్క రోజు. అరకు కాఫీలాగా పారిస్ పోలేదు, ఈ గట్టు దిగి శృంగవరపుకోటకే చేరలేదు. తాగాలంటే మనమే రావాలి.

"ఎన్నేళ్ళు ఇస్తాది పెద్దయ్యా?" అని అడిగాను.

పైకి చూపించాడు. జీలుగు మొదటి గెల తల దగ్గర వేస్తుందట. తర్వాతది దాని కింద. ఆ తర్వాతది ఇంకా కింద. అలా ఒక్కోటే కిందికి దిగుతూ కొన్నేళ్ళు ఇచ్చి, ఆఖరి గెల అయ్యాక చెట్టే చచ్చిపోతుంది. "ఇది సగం దిగింది" అన్నాడు, తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తూ.

తిరుగు దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. కల్లు వల్ల కావచ్చు. చీకటి పడకముందే రోడ్డెక్కాం.

మూడో రోజు

ఈ రోజు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కొండ మీది గోస్తనికీ కింది గోస్తనికీ మధ్య ఉన్నది అడవి, లోయలు. తెలియని వాళ్ళు దిగే చోటు కాదని ఊళ్ళో వాళ్ళు గట్టిగా చెప్పారు. కాబట్టి బస్సు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో మా బావమరిది ఇద్దరికి కిటికీ సీటు త్యాగం చేశాడు, మూడో మలుపులో తిరిగి అడిగి తీసుకున్నాడు.

శృంగవరపుకోట నుంచి ఆటోలో తాటిపూడి. 1960లలో కట్టిన రిజర్వాయరు. కట్ట మీద నిలబడితే మూడు వైపులా కొండలు, మధ్యలో నీళ్ళు. నిన్నటి దాకా రాళ్ళ మీద ఎగిరిన నది ఇక్కడ బుద్ధిగా కూర్చుంది. మా వీధి కుళాయి దగ్గర బిందెల గొడవ మొదలయ్యేది ఇక్కడే అన్నమాట. కట్ట మీద ఈ చివర్నించి ఆ చివరికి రెండుసార్లు నడిచాం, అంతే.

ఇంకో తమాషా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక ఈ నది పుట్టింది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఆగింది విజయనగరం జిల్లాలో, సముద్రంలో కలిసేది విశాఖపట్నం జిల్లాలో. మా చిన్నప్పటి విశాఖ జిల్లా మ్యాపులో అరకు కూడా ఉండేది. రాత్రి విజయనగరంలో మా పెద్దమ్మ గారింట్లో పడుకున్నాం. "నడవడానికి సెలవు పెట్టావా నాయనా?" అని రెండుసార్లు అడిగింది.

నాలుగో రోజు

పొద్దున్నే పద్మనాభం చేరాం. కొండ కింద కుంతీమాధవ స్వామి, పైన అనంత పద్మనాభ స్వామి. వెయ్యి దాటిన మెట్లు. రెండొందల మెట్ల దగ్గర బావమరిది "నాకు కింది స్వామి చాలు" అని ఆగిపోయాడు. నేను చెప్పులు అతని దగ్గరే వదిలి ఎక్కాను.

పైనుంచి చూస్తే పొలాల మధ్య గోస్తని ఇసక గీతలా వంకర్లు పోతూ కనిపించింది. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంఫిణీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచింది ఈ పద్మనాభంలోనే. పేష్కషు, అంటే కుంఫిణీకి కట్టాల్సిన కప్పం, దాని బకాయిల దగ్గర మొదలైన తగాదా. ఊళ్ళోకి దిగాక ఒక ముసలాయన్ని అడిగితే, "ఆ, ఇక్కడే కొట్టుకున్నారు" అన్నాడు, మొన్న సంకురాత్రికి జరిగినట్టు.

అక్కణ్ణుంచి భీమిలి వైపు నడక. ఈ నాలుగు రోజుల్లో నిజంగా నది పక్కన నడిచింది ఈ పూటే. గట్టు మీద ఈత చెట్లు, జీడి తోటలు, మధ్యలో కూరగాయల మళ్ళు. నదిలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. కొన్ని చోట్ల ఇసక తవ్విన గోతులు మనిషి లోతున్నాయి. గోతి అంచున ట్రాక్టర్ల చక్రాల గుర్తులు, ఇంకా ఆరలేదు. పైన అంత కష్టపడి దిగొచ్చిన నదిని ఇలా చూస్తే కడుపు రగిలింది. "పేర్లడక్కు బావా, నీకెందుకు" అన్నాడు మా బావమరిది. అతనికి ఊరు ఇక్కడ. నేను అడగలేదు.

ఒక తోపు దగ్గర ఈత కల్లు దొరికింది. ఇది చలికాలపు సరుకు, తాటి కల్లు ఎండలు ముదరబోయే ముందు మొదలవుతుంది. జీలుగు తాగిన నోటికి ఇది కాస్త గట్టిగా, కాస్త మోటుగా అనిపించింది. రెండు గుక్కలతో ఆపాను. అతను ఆపలేదు. ఆ తర్వాత అరగంట నడక కాస్త ఎక్కువ దూరమే పట్టింది, ఎందుకంటే తిన్నగా సాగలేదు.

మూడు దాటాక భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, అంతకంటే ముందే ఓడల ఊరు. సముద్రం దగ్గర పాత సమాధుల తోట ఉంది. 17వ శతాబ్దంలో వర్తకానికొచ్చిన డచ్చి వాళ్ళవి. మన పాత తెలుగులో వలందా వాళ్ళు. కొన్ని సమాధుల మీద గోపురాల్లాంటి కట్టడాలు. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఉప్పు గాలికి అరిగిపోయాయి. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది తప్ప మాట తెలియదు.

అక్కడుండగా అమ్మాయి ఫోను. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, తోటలన్నీ ఆకు రాలి మోడులైపోయాయట.

"మీ నది ఎక్కడ సముద్రంలో కలుస్తుందే?" అన్నాను.

"మోసెల్ తిన్నగా సముద్రంలో కలవదు నాన్నా. కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. రైన్ పోయి నెదర్లాండ్స్‌లో సముద్రంలో పడుతుంది."

"అంటే వలందా వాళ్ళ దేశంలో."

"వలందా ఎవరు?"

ఫోను తిప్పి సమాధులు చూపించాను. వాళ్ళ నది చివర ఉన్నవాళ్ళు ఓడలెక్కి వచ్చి మా నది చివర పడుకున్నారు. అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. "నాన్నా, ఆ రాయి మీద ఏముందో దగ్గరగా చూపించు" అంది. చూపించాను. ఆమెకూ చదవడం రాలేదు.

సాయంత్రం నది మొగ దగ్గరికి వెళ్ళాం. ఇసక మేట అడ్డం పడి నీళ్ళు ఒక పక్కకి ఒత్తిగిలి సన్నగా సముద్రంలోకి జారుతున్నాయి. నాలుగు రోజులు వెంటపడ్డాను కదా అని వంగి దోసెడు తీసుకుని నోట్లో పోసుకున్నాను.

"ఉప్పే కదా బావా. ఏటనుకున్నావు?"

మోకాలి లోతులో ఒకతను విసురు వల వేస్తున్నాడు. మూడోసారి వలలో అరచెయ్యంత చేపలు పది పన్నెండు పడ్డాయి. మా బావమరిది బేరమాడి మొత్తం కొనేశాడు. "మా అక్క ఎలాగూ అరుస్తాది. చేపల్తో వెళ్తే సగమే అరుస్తాది" అన్నాడు.

విశాఖ బస్సెక్కాం. చెప్పుల్లో ఇసక, జేబులో రెండు ఎండిన కాఫీ గింజలు, సీటు కింద చేపల సంచీ. సంచీలోంచి నీళ్ళు కారి ముందు వరస దాకా పాకాయి. కండక్టరు వాటిని దాటుకుని వచ్చి, చూసీ చూడనట్టు రెండు టికెట్లు కొట్టాడు.